అగ్గిపెట్టె కోసం

జూన్ 3, సోమవారం

డాక్టరమ్మ ఈరోజు మా ఆవిడ కళ్ళ సంగతి కుండబద్దలు కొట్టేసింది. "ఇక సూదులు వద్దండీ, ఉపయోగం లేదు. పక్క చూపు ఉంటుంది, ఇంట్లో తిరగడానికి ఇబ్బంది ఉండదు. సూటి చూపు మాత్రం తిరిగి రాదు" అంది. గొంతు మెత్తగానే పెట్టింది పాపం. అయినా నాకు ఒళ్ళు మండింది.

"అద్దాలు మారిస్తే?" అని అడిగాను. అడిగాక సిగ్గేసింది. కళ్ళద్దాల షాపులో, వెనక గదిలో కూర్చుని లెన్సులు అరగదీసి ఫ్రేముల్లో బిగించడమే నా బతుకు. పెళ్ళి కాకముందు నుంచీ అదే పని. అద్దంతో అయ్యేదేమిటో కానిదేమిటో నాకు తెలియకపోతే ఇంకెవరికి తెలుస్తుంది. కంటి వెనక పొర మధ్యలో ఎండిపోతే ముందు ఎంత మంచి అద్దం పెట్టినా ఒకటే. తెలుసు. తెలిసే అడిగాను.

బస్సులో మా ఆవిడ నా మోచెయ్యి తట్టి, "మీరెందుకండీ అంత గట్టిగా ఊపిరి వదులుతారు, కళ్ళు నావి కదా" అంది.

ఇప్పుడు తను నన్ను సూటిగా చూస్తే నేను మాయం. నా చెవి పక్కకి చూస్తే కాస్త కనిపిస్తానట. అందుకని చెవి పక్కకి చూసి మాట్లాడుతుంది, చెవి పక్కకి చూసి నవ్వుతుంది. తెలియనివాళ్ళు నా వెనక ఇంకెవరో నిలబడ్డారనుకుంటారు.

ఈ డైరీ షాపులో నా సొరుగులోనే ఉంచుతాను, ఇంట్లో జరిగినవి మర్నాడు వచ్చి ఆ తేదీ కిందే రాసుకుంటాను. ఇంట్లో పెడితే తను చదివేస్తుంది.

రాశాక చూసుకున్నాను ఏం రాశానో. ఉండనీ. సొరుగులోనే ఉండనీ.

జూన్ 5, బుధవారం

మా ఇంట్లో భోజనాలకి కథ ఉండాలి. పెళ్ళైన కొత్తలో మొదలైన అలవాటు. పగలంతా ఆఫీసులో టైపు కొట్టి వచ్చి, సందు దొరికినప్పుడల్లా తను చదివేది. రాత్రి భోజనాల దగ్గర నాకు చెప్పేది. నేను పుస్తకం ముట్టే రకం కాదు. ఏ పుస్తకమైనా సగం పేజీకే నాకు ఆవలింత వస్తుంది. అయినా నాకు తెలిసినన్ని కథలు మా ఓనరుకి కూడా తెలియవు. ఎక్కడ చదివారని ఎవరైనా అడిగితే మాత్రం నీళ్ళు నమలాలి.

చూపు తగ్గాక ఉద్యోగం మానేసింది. కథలూ ఆగిపోయాయి. ఇప్పుడు టీవీలో వార్తలు పెట్టుకుని తింటున్నాం. ముద్ద దిగదు.

తన పలక కిటికీ దగ్గర అలాగే ఉంది. పలక అంటే తెర మీద పుస్తకాలు చదువుకునే రీడరు. ఎప్పుడో మరదలు అక్కకి బహుమతిగా కొనిచ్చింది. పక్కన నొక్కితే టిక్‌మని పేజీ మారే పాత రకం. దాని కవరు మూల అరిగిపోయింది, బొత్తాము మీద బాణం గుర్తు చెరిగిపోయింది. అందులో అక్షరాలు ఎంత పెద్దవి చేసినా ఒక హద్దు దాటి పెరగవు. ఎవరో స్టేషన్ మాస్టరు గురించిన నవల మొదలుపెట్టి, కొంచెం చదివి, ఇక కనపడక ఆపేసింది.

"స్టేషన్ మాస్టరు ఏమయ్యాడు?" అని అడిగాను ఇవాళ.

"ఆయన ప్లాట్‌ఫారం మీదే ఉన్నాడు. నేనే ముందుకి వెళ్ళలేక ఆగిపోయాను" అంది.

మరదలు ఫోన్ చేసింది. "బావగారూ, ఇంత చింత ఎందుకు, చదివి వినిపించే యాప్ పెట్టండి అక్కకి" అంది. పెట్టాను. కాసేపు విని, "ఈ గొంతుకి ఊపిరే లేదండీ" అంది తను. సరే, వినడం తనకి పడదన్నమాట. చదవడమే కావాలి.

"పోనీ మీరు చదవకూడదూ?" అంది.

"నేను చదివితే ఆ రైలు స్టేషన్‌కి వచ్చేలోపు మనిద్దరికీ పళ్ళూడిపోతాయి" అన్నాను. నవ్వింది. ఆ విషయం అక్కడితో అయిపోయింది.

జూన్ 9, ఆదివారం

దొరికింది. ఇన్నాళ్ళూ ఎందుకు తట్టలేదో.

పలక పాతదైపోయింది, కంపెనీవాళ్ళు దాని మొహం చూడటం మానేశారు. కానీ కంపెనీ పెట్టిన ప్రోగ్రాము పక్కన పెట్టి, జనమే తమ కోసం రాసుకున్న ఇంకో ప్రోగ్రాము అందులో ఎక్కించుకోవచ్చట. ఉచితమే. అందులో అక్షరాలు ఎంత కావాలంటే అంత పెంచుకోవచ్చు, లావు చేసుకోవచ్చు, అంచులు తీసేయొచ్చు. తెర నిండా ఒక్క మాటే ఉండాలన్నా ఉంటుందట.

దీని గురించి మాట్లాడుకునేవాళ్ళు ఇంటర్నెట్‌లో ఒక చోట పోగయ్యారు. పేరు బదులు గుడ్లగూబ బొమ్మ పెట్టుకున్న ఒకాయన నా ప్రశ్నకి వెంటనే బదులిచ్చాడు. "ఎవరి కోసం?" అని అడిగాడు. మా ఆవిడ కోసం అన్నాను. "అయితే తొందరపడకుండా, నేను చెప్పిన వరసలోనే చెయ్యండి. ముందు దానికి వైఫై తీసేయండి. లేకపోతే కంపెనీ దొంగచాటుగా ఏదో ఒకటి పంపి మనం తీసిన తాళం మళ్ళీ వేసేస్తుంది" అన్నాడు.

తన చూపు సంగతి డాక్టరమ్మ చేతిలో లేదు. అక్షరం సైజు నా చేతిలో ఉంది.

జూన్ 11, మంగళవారం

కేబులు. అది ఛార్జింగ్‌కి మాత్రమే పనికొచ్చే కేబులట. నేను రెండు సాయంత్రాలుగా కంప్యూటర్ని తిడుతున్నాను.

జూన్ 13, గురువారం

కొత్త కేబులు పెట్టాక పలక కంప్యూటర్లో కనిపించింది. గుడ్లగూబ పంపిన ఫైలు అందులో వేసి, పలక ఆపి, మళ్ళీ పెట్టాలి. పెట్టాను. తెర నల్లబడింది, తెల్లబడింది, మళ్ళీ మామూలుగా తెరుచుకుంది. ఏమీ జరగలేదు. ఫైలు ఫోల్డరు లోపల వేశానట, బయట వేయాలట. మళ్ళీ వేశాను. ఈసారి కంప్యూటరు ఎర్రని సున్నా చుట్టి ఏదో హెచ్చరించింది. తల ప్రాణం తోకకొచ్చింది.

ఎదురుగా కూర్చుని తను వింటోంది. "చాలా రోజులకి ఈల వేస్తున్నారండీ" అంది.

నేను ఈల వేస్తున్నానని నాకే తెలియదు. పని మీద పడితే వచ్చేస్తుంది, మా షాపులోనూ అంతే. లెన్సు సరిగ్గా కూర్చోబోతుంటే మొదలవుతుందని ఓనరు వెక్కిరిస్తాడు.

జూన్ 15, శనివారం

తాళం తెరుచుకుంది. కొత్త ప్రోగ్రాము ఎక్కింది.

మొదట అక్షరాలన్నీ డబ్బాలుగా వచ్చాయి. మన అక్షరాలున్న ఫైలు వేరే వేయాలి. వేశాను. ఆ తర్వాత ఒత్తులు తెగాయి. అక్షరం పైన ఉంటే దాని ఒత్తు తల నరికినట్టు కింది వరసలోకి పోయింది. వరసల మధ్య ఎడం పెంచితే కుదురుకుంది. గుడ్లగూబకి దండం పెట్టాను, బొమ్మ ద్వారానే.

జూన్ 16, ఆదివారం

చదివింది.

తెర మీద ఆరు మాటలు పట్టేలా పెట్టి నవల మొదటి పేజీ తెరిచి చేతికిచ్చాను. కిటికీ దగ్గర కుర్చీలో కూర్చుంది. పలకని ఎడమవైపు జరిపి, తల కుడివైపు తిప్పి, పక్క చూపుతో వెతుక్కుంది. మెల్లగా, "ఆ స్టేషన్లో రైలు ఆగి చాలా కాలమైంది" అని చదివింది. ఒక్క తప్పు లేదు. బొత్తాము నొక్కింది. తర్వాతి మాటలూ చదివింది. కళ్ళు మూసుకుని ఒప్పజెప్పినంత గడగడా చదివింది.

నాకు ఏడుపొచ్చింది. వంటింట్లోకి వెళ్ళి మంచినీళ్ళు తాగి వచ్చాను.

"ఎలా ఉంది?" అన్నాను.

నా చెవి పక్కకి చూసింది. "బాగుందండీ. బాగా చేశారు" అంది.

మరదలికి ఫోన్ చేసి గొప్పలు చెప్పుకున్నాను. "అక్కే చదివిందా?" అని రెండుసార్లు అడిగింది. తర్వాత, "మా బావగారంటే ఏమనుకున్నారు మరి" అంది.

జూన్ 20, గురువారం

భోజనాల దగ్గర కథ మళ్ళీ మొదలైంది. టీవీ కట్టేశాను.

స్టేషన్ మాస్టరు వేళ తప్పకుండా రోజూ సాయంత్రం సిగ్నల్ దీపం గాజు తుడిచి, వెలిగించి, ప్లాట్‌ఫారం చివర నిలబడతాడు. రైళ్ళు ఆగవు, అసలు అటు రావడమే మానేశాయి. కొత్తగా ఆయన భార్య కూడా కథలోకి వచ్చింది. ఆవిడ నూనె డబ్బా పట్టుకుని వెనకాలే నడుస్తుంది.

"ఇంతకుముందు భార్య ఉన్నట్టు చెప్పలేదే" అన్నాను.

"ఇప్పుడే వచ్చిందండీ. ఇన్నాళ్ళూ లోపల గదిలో ఉన్నట్టుంది" అంది.

అన్నం మారు పెట్టించుకున్నాను.

జూన్ 22, శనివారం

ఓనరు చేత తిట్లు తిన్నాను. వంకర చూపు ఉన్న ఒకాయన అద్దం కోణం తప్పి బిగించాను. ఆయన పెట్టుకుని మెట్లు దిగబోయి గోడ పట్టుకున్నాడట. "ఏంటయ్యా ఇది, నీ చేతిలో ఇలాంటిది ఎప్పుడూ చూడలేదు, ధ్యాస ఎక్కడుంది?" అన్నాడు. ఎక్కడుందో చెప్పలేదు. ధ్యాస అంతా పలక మీదే. అక్షరాలు ఇంకా లావు చేయొచ్చేమో అని.

జూన్ 26, బుధవారం

తను ఈమధ్య చదివేటప్పుడు పలకని ముక్కుకి ఆనించుకుంటోంది. కష్టంగా ఉందా అంటే "లేదులెండి" అంటుంది. ఆ 'లెండి' నాకు నచ్చలేదు. పెంచుతూ పోవాలి, అంతే. కొత్త వెర్షన్ వచ్చిందని గుడ్లగూబ చెప్పాడు, అందులో అక్షరాన్ని ఇంకా సాగదీయొచ్చట. ఈరోజు పొద్దున్న పలక షాపుకి తెచ్చి, మధ్యాహ్నం తిండి మాని ఎక్కించాను. తెరకి రెండు మాటలే పట్టాయి. ఒత్తులు తెగుతున్నాయేమో చూద్దామని ఒత్తులున్న చోటు వెతికాను. "అగ్గిపెట్టె కోసం" అన్న చోటు దొరికింది. గ కింద గ, ట కింద ట, రెండూ నిండుగా, చక్కగా కూర్చున్నాయి. స్టేషన్ మాస్టరు అగ్గిపెట్టె కోసం జేబు తడుముకుంటున్నాడు కాబోలు.

ఇంకా చూసేవాణ్ణే. ముందు నుంచి ఓనరు పిలిచాడు. కవరు మూసి సంచిలో పడేశాను. ఇంటికెళ్ళి తనకిచ్చాను.

"ఇక దీన్ని ముట్టుకోకండి. రోజుకోసారి మార్చేస్తుంటే నాకు చెయ్యి అలవాటు తప్పుతోంది" అంది. నిజమే. ఇక ముట్టుకోను.

జూన్ 28, శుక్రవారం

ఇవాళ కథ: స్టేషన్ మాస్టరు దీపం చిన్నదైనందువల్లే రైలు ఆగడం లేదనుకుంటాడు. పట్నం నుంచి పెద్ద దీపం తెప్పిస్తాడు.

"ఓరి వీడి పిచ్చి పాడుగానూ" అని నవ్వాను. తనూ నవ్వింది.

జూలై 1, సోమవారం

కిటికీ దగ్గర టిక్, టిక్. స్నానం చేస్తున్నా వినిపిస్తుంది. ఇంట్లో గడియారం ఒకటి బాగుచేయించినట్టుంది నాకు.

జూలై 3, బుధవారం

పెద్ద దీపం కూడా పనిచేయలేదు. ఇంకా పెద్దది తెప్పించాడు. మోయడానికి భార్య ఒక పక్క పట్టుకోవాలి. ఆవిడ ఒకరోజు కట్టెల కోసం మలుపు దాటి వెళ్ళి చూసిందట. అవతల పట్టాలే లేవు. ఎప్పుడో ఊడబెరుక్కుని పోయారు.

"మరి వచ్చి చెప్పిందా?" అన్నాను.

"చెప్పలేదు."

"ఎందుకట?"

తను కంచంలో వేలితో గీతలు గీస్తూ కూర్చుంది. "దీపం తుడిచేటప్పుడు ఆయన ఈల వేసుకుంటాడట. చెబితే ఆ ఈల ఆగిపోతుందని" అంది.

"పిచ్చిది" అన్నాను నేను. "అలాంటివాడికి మొహం మీదే చెప్పెయ్యాలి."

"మీరైతే చెప్పేవారా?"

"నేనా? మరో మాట లేకుండా."

"ఊఁ" అంది తను.

ఆ రచయిత ఎవరో గానీ గట్టివాడు. చదివే అలవాటు లేని నాకే రేపు ఏమవుతుందా అని ఉంది.

జూలై 5, శుక్రవారం

గుడ్లగూబ పలకరించాడు, బ్యాటరీ ఎలా ఉందని. గర్వంగా చెప్పాను. ఛార్జరు ఎప్పుడు చూసినా నా ఫోనుకే ఉంటోంది, పలకకి అక్కర్లేనే అక్కర్లేదు, పగలంతా చదివినా తరగడం లేదు, మీ ప్రోగ్రాము బంగారం అని రాశాను.

"అంత పెద్ద అక్షరాలతో పగలంతా పేజీలు తిప్పితే అన్నాళ్ళు రాకూడదే" అని జవాబిచ్చాడు. "ఆ వెర్షన్ కొందరికి మధ్యలో బిగుసుకుపోతోంది. ఈ తెరలతో చిక్కేమిటంటే, లోపల ప్రాణం పోయినా చివరి పేజీ తెర మీద అలాగే నిలిచిపోతుంది. చూడటానికి బాగానే ఉంటుంది. ఓసారి చూడండి."

చూడటానికేముంది. రోజూ చదువుతోంది కదా.

జూలై 7, ఆదివారం

తను బట్టలు ఆరేయడానికి మేడమీదికి వెళ్ళినప్పుడు పలక తీశాను. ముట్టుకోనన్నాను గానీ, గుడ్లగూబకి జవాబు చెప్పాలి కదా.

కవరు తెరిస్తే "అగ్గిపెట్టె కోసం" అని ఉంది.

ముందు నవ్వొచ్చింది. సరిగ్గా నేను చూసిన చోటికే మళ్ళీ వచ్చిందే అనుకున్నాను. వెనక్కి వెళ్ళి మొదటి నుంచి చదువుతోందేమో. చదివినదే మళ్ళీ చదివేవాళ్ళుంటారు. బొత్తాము నొక్కాను. టిక్‌మంది. అగ్గిపెట్టె కోసం. ఇంకోసారి నొక్కాను. రెండో పక్క బొత్తాము నొక్కాను. అగ్గిపెట్టె కోసం. పైన ఉన్న మీట పట్టుకుని అలాగే ఉన్నాను, వేలు నొప్పి పుట్టేదాకా. అగ్గిపెట్టె కోసం. కట్టెలా బిగుసుకుపోయింది. ఎప్పుడో చచ్చిపోయింది. నేను షాపులో కవరు మూసిన రోజే అయ్యుంటుంది.

మెట్ల మీద అడుగుల చప్పుడు. కవరు మూసి ఎక్కడిది అక్కడ పెట్టేశాను.

తను వచ్చింది, తడి చేతులు కొంగుకి తుడుచుకుంది, కుర్చీలో కూర్చుంది. పలక తెరిచింది. ఎడమవైపు జరిపి, తల కుడివైపు తిప్పింది. టిక్. కాసేపాగి టిక్. కళ్ళు కూడా వరస వెంట కదిలినట్టే కదులుతున్నాయి. నేను ఎదురుగా బల్ల మీద కూర్చుని చూస్తూ ఉన్నాను. అక్కడున్నానని తనకి తెలుసు. నా వైపు తిరిగి, చెవి పక్కకి చూసి నవ్వింది.

లేచి వెళ్ళి తన చేతిలోంచి లాక్కోవాలనిపించింది, కాళ్ళ మీద పడాలనిపించింది, గుడ్లగూబని తిట్టాలనిపించింది. కూర్చునే ఉన్నాను.

భోజనాల దగ్గర కథ చెప్పింది. ఇంకా ఇంకా పెద్ద దీపం. దాని వేడికి ప్లాట్‌ఫారం మీద పూల మొక్కలు మాడిపోయాయి.

"బాగుంది" అన్నాను.

జూలై 8, సోమవారం

బాగు చేయడం నాకొచ్చు. ఛార్జింగ్ పెట్టి, పాత వెర్షన్ మళ్ళీ ఎక్కిస్తే సరిపోతుంది. కానీ బాగు చేస్తే పేజీలు మారతాయి. మారితే మాత్రం ఏమిటి. తనకి అదీ ఒకటే, ఇదీ ఒకటే.

జూలై 9, మంగళవారం

షాపు బయట నిలబడి మరదలికి ఫోన్ చేశాను. ఏదో మామూలుగా అడుగుదామనుకున్నాను. కుదరలేదు.

"నీకు తెలుసా?" అన్నాను.

"తెలుసు బావగారూ."

"ఎప్పటినుంచి?"

"మీరు నాకు ఫోన్ చేసి చదివిందని చెప్పారే, ఆ రోజు నుంచి. ఆ మొదటి పేజీలు అక్కకి నోటికొచ్చు. అంతకుముందు చదివిందేగా. మొదట్నించీ అక్షరం కనపడలేదు. ఎంత పెద్దది చేస్తే అంత పెద్ద మసక అంది."

"నాకు చెప్పొచ్చు కదా. నేనేమైనా కరుస్తానా?"

"నేనూ అదే అన్నాను. మీ బావ మొహం చూసి చెప్పలేకపోతున్నానే అంది."

"మొహం తనకి ఎక్కడ కనిపిస్తుంది?"

"నేనూ అదే అన్నాను బావగారూ" అంది. "మొహం కనపడకపోతేనేం, ఈల వినపడుతుంది కదే అంది."

ఓనరు లోపలి నుంచి పిలిచాడు. వస్తున్నానన్నాను. చాలాసేపు వెళ్ళలేదు.

జూలై 10, బుధవారం

ఆ నవల ఫైలు షాపు కంప్యూటర్లో ఉంది. కొత్త వెర్షన్ ఎక్కించే ముందు పోతుందేమోనని పలకలోంచి దింపి ఉంచాను. మధ్యాహ్నం తెరిచాను. అగ్గిపెట్టె దగ్గర మొదలుపెట్టాను. వేలు పెట్టుకుని, పెదాలు కదుపుతూ, పిల్లవాడిలా చదివాను. ఆవలింత రాలేదు.

ఆయన అగ్గిపెట్టె వెతుక్కున్నది చుట్ట కోసం. దీపం కోసం కాదు. ఆ దీపం సంగతే తర్వాత ఎక్కడా రాదు. పట్నానికి బదిలీ చేయించుకుని, టిక్కెట్ల కిటికీలో కూర్చుని, పక్క కిటికీ గుమాస్తాతో తగాదాలు పడుతుంటాడు. నవ్వు పుట్టించే కథ. కంప్యూటర్లో మాట కొడితే వెతికిపెడుతుంది కదా, 'భార్య' అని కొట్టి చూశాను. పక్క కిటికీ గుమాస్తా భార్య ఒకచోట ఉంది. స్టేషన్ మాస్టరుకి పెళ్ళే కాలేదు.

జూలై 11, గురువారం

ఈరోజు పని బాగా చేశాను. ఒక్క అద్దం తప్పిపోలేదు. ఈల రాలేదు. ఓనరు వెనక గదిలోకి తొంగి చూసి, "ఒంట్లో బాగుందా?" అని అడిగాడు.

జూలై 12, శుక్రవారం

నిన్న భోజనాల దగ్గర జరిగింది ఇప్పుడు షాపులో కూర్చుని రాస్తున్నాను. తిండి డబ్బా ఇంకా తెరవలేదు.

నేనే వడ్డించాను. తను కంచం అంచు చేత్తో తడిమి చూసుకుని, గొంతు సవరించుకుంది. కథ మొదలుపెట్టబోతోంది.

"ఇవాళ నేను చెప్తాను" అన్నాను.

"మీరా? మీకెలా తెలుసు?"

"ఒక పేజీ చదివాను."

తను చెయ్యి ఆపేసింది. నేను ఆపితే మళ్ళీ మొదలుపెట్టలేనని ఆపకుండా చెప్పాను. సాయంత్రం ఆయన దీపం ముందు కూర్చున్నాడు. గాజు సగం తుడిచి గుడ్డ పక్కన పెట్టేశాడు. భార్యని పిలిచాడు. ఆ నూనె డబ్బా కింద పెట్టి ఇలా రా అన్నాడు. రైలు రాదు కదా అన్నాడు.

"ఆవిడేమంది?" అంది తను, చాలా చిన్నగా.

"ఏమీ అనలేదు."

"అనే ఉంటుంది. మీరు సరిగ్గా చదివుండరు."

"ఏమనుంటుంది?"

"మీకెప్పుడు తెలిసిందీ అని అడిగుంటుంది."

"ఆదివారం" అన్నాను.

కుళాయి కారుతోంది వంటింట్లో. ఇద్దరం అదే విన్నాం. తను తల తిప్పి నా చెవి పక్కకి చూడలేదు ఈసారి. సూటిగా నా వైపే చూసింది, నేను లేని చోటికి. కళ్ళ నుంచి నీళ్ళు కారుతున్నాయి, తుడుచుకోలేదు. నేను ఎడమ చెయ్యి బల్ల మీద పెట్టాను. తను వెతుక్కుని పట్టుకుంది.

"కోపం వచ్చిందా ఆయనకి?"

"వచ్చింది. దీపం మీద."

"తర్వాత?"

"దీపం ఆర్పేశాడు."

తను కొంగుతో మొహం తుడుచుకుంది. "ఆర్పేస్తే ఎలాగండీ. చీకట్లో ఏం చేస్తారు వాళ్ళిద్దరూ?"

"తెలీదు. అంతవరకే చదివాను."

"సరే" అంది. "అయితే రేపు చెబుదురుగాని."

నిన్నటి నుంచీ ఆ మాటే చెవిలో ఉంది. పొద్దున్న బస్సులో ఆలోచించాను, లెన్సులు అరగదీస్తూ ఆలోచించాను. ఇన్నేళ్ళు విన్నవాణ్ణి, చెప్పినవాణ్ణి కాదు. నాకు కథలు రావు. వచ్చిందల్లా తన దగ్గర విన్నవే, అవి తనకే మళ్ళీ ఎలా చెప్పను. ఫైలులో ఉన్న అసలు కథ చదివి వినిపించొచ్చు, తడబడుతూనే. కానీ అందులో ఆవిడ లేదు.

డైరీ ఈరోజు సంచిలో పెట్టుకుని ఇంటికి తీసుకెళ్తున్నాను. సొరుగులో దాచాల్సిన అవసరం ఎప్పుడూ లేదు.

సాయంత్రమైంది, ఓనరు షట్టరు సగం దించాడు. వెళ్ళాలి. తను కంచాలు పెట్టేసి ఉంటుంది. దీపం ఆరిపోయాక వాళ్ళేం చేశారో నాకు తెలియదు.